ఎల్‌ఈడీ గోడ ముందు 14 యాడ్లు తీశాక

అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ వచ్చిన కొత్తలో ఆ వంపు తిరిగిన ఎల్‌ఈడీ గోడను, అంటే నటుల వెనక కావలసిన దృశ్యాన్ని చూపించే పెద్ద తెరను చూసి చాలాసేపు కదల్లేకపోయాను. ఆ తర్వాత రెండున్నరేళ్లలో హైదరాబాద్‌లోని వేర్వేరు ఫ్లోర్లలో, ఇలాంటి గోడల ముందు 14 టీవీ యాడ్లు తీశాను.

నాకు బాగా నచ్చింది నగల యాడ్ల విషయంలో. గ్రీన్ మ్యాట్ (వెనక దృశ్యాన్ని తర్వాత అతికించడానికి కట్టే ఆకుపచ్చ తెర) ముందు బంగారం తీస్తే హారం నిండా పచ్చదనమే. దాన్ని సీజీలో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో, ఫ్రేము ఫ్రేముకీ కడగాలి. ఇక్కడ గోడలో వెలిగే దీపాలే రాళ్లలో మెరుస్తాయి. కార్లకూ అంతే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు బానెట్ మీద జారిపోవాలంటే అక్కడ ట్రాఫిక్ ఆపక్కర్లేదు. బయట కాసేపట్లో పోయే సాయంత్రపు ఎండ ఫ్లోర్‌లో రోజంతా ఉంటుంది.

కెమెరా కదలికను ట్రాకింగ్ పట్టుకుంటే, అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ ఆ కోణానికి తగ్గట్టు గోడ మీది దృశ్యాన్ని మారుస్తుంది. అయితే కొన్ని ఫ్రేముల ఆలస్యం ఉంటుంది. కెమెరాను విసురుగా తిప్పితే దొరికిపోతాం. ఫోకస్ గోడ మీద పడిందా, గోడలోని ఎల్‌ఈడీ చుక్కల వల్ల మోయిరే అనే గీతలు అలలు అలలుగా వస్తాయి. గోడ వెలుగు ఒక్కటే పడితే ఒంటి రంగు సహజంగా రాదు, ముఖానికి విడిగా మంచి లైటు పెట్టాల్సిందే.

అన్నిటికన్నా ఏడిపించింది నేల. ఒక టీ పొడి యాడ్‌కి పల్లె వాకిలి వేశాం. గోడలో ఎర్రమట్టి, మేం తెచ్చి పోసిందేమో లైట్ల కింద నల్లగా ఉంది. రెండూ కలిసే చోట గీత మానిటర్‌లో కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లు పొడిమట్టి జల్లి, గడ్డి పరిచి, కుండలు అడ్డం పెట్టి ఆ గీతను దాచేసరికి 3 గంటలు పట్టింది. ఫ్లోర్ అద్దె తలచుకుంటే ఒకటే టెన్షన్. అప్పటినుంచి ప్రీ-లైట్ రోజునే (షూటింగుకు ముందు లైట్లు పెట్టి చూసుకునే రోజు) మట్టిని బస్తాలో తీసుకెళ్లి కెమెరాలో చూసుకుంటున్నాను. ఖర్చు తగ్గుతుందని ఆ రోజును తీసేయమంటే ఒప్పుకోను.

క్లయింటుకు మొదటి మీటింగులోనే ఒక మాట చెప్పండి. మండపం రంగు, ఆకాశం, వెనక చెట్లు అన్నీ షూటింగుకు ముందే ఖాయం కావాలి. నటితోపాటు వెనక దృశ్యం కూడా కెమెరాలోనే పడిపోతుంది కాబట్టి ‘తర్వాత సీజీలో చూద్దాం’ అంటే మళ్లీ డబ్బులు పోయాల్సిందే.

వేడి అన్నంలో నెయ్యి వేసే షాటుకి ఈ గోడ అక్కర్లేదు, మామూలు టేబుల్ చాలు. వచ్చే నెల ఒక బియ్యం యాడ్ ఉంది. పిల్లలు పొలం గట్ల మీద దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. ఫ్లోర్‌లో అంత చోటు లేదు, అందుకని పొలానికే వెళ్తున్నాం.