ఏ బంకు డీజిల్ మంచిది: పాత స్విఫ్ట్ నడిపేవాడి మాట

మా స్విఫ్ట్ డీజిల్ కారు బీఎస్-4 కాలం నాటిది, అంటే 2020కి ముందున్న కాలుష్య ప్రమాణాల నాటిది. దాని మీద రాజమండ్రి నుంచి విశాఖకూ హైదరాబాదుకూ ఏళ్ళ తరబడి తిరుగుతూ దాదాపు అన్ని కంపెనీల బంకుల్లోనూ డీజిల్ కొట్టించాను. ఎవరి డీజిల్ మంచిదని ఇప్పుడు అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ బంకు కింద పాతిపెట్టిన ట్యాంకులోకి నీళ్ళు దిగకుండా రోజూ చూసుకునే మనిషి ఉన్నాడా? కంపెనీ బోర్డు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే మామూలు డీజిల్‌లో కంపెనీకీ కంపెనీకీ పెద్ద తేడా ఉండే అవకాశం తక్కువ. బీఎస్-6 ప్రమాణాలు వచ్చిన 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్ళలో పది) మించకూడదు. అంతకుముందు బీఎస్-4లో అది 50. డీజిల్ ఎంత తేలిగ్గా మండుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలన్న నియమమూ అందరికీ ఒకటే. పైగా ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ పెట్రోలియం అవసరాన్ని బట్టి ఒకరి సరుకు మరొకరు తీసుకుంటూనే ఉంటాయి. విశాఖ రిఫైనరీ హెచ్‌పీదే అయినా, అక్కడ తయారైన డీజిల్ హెచ్‌పీ బోర్డున్న బంకులకే చేరుతుందని అనుకోనక్కరలేదు. యానాంలో డీజిల్ చవక కాబట్టి నాసిరకమేమోనని మా వీధిలో ఇప్పటికీ అనుమానపడేవారున్నారు. అక్కడ తగ్గేది పన్ను, నాణ్యత కాదు. మా అత్తగారి ఊరు ఆ దారిలోనే కనుక ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను.

కంపెనీలు తమ ప్రత్యేకత చూపేది యాడిటివ్‌ల దగ్గరే, అంటే ఇంజను శుభ్రంగా ఉండటానికి డీజిల్‌లో కొద్దిగా కలిపే రసాయనాల దగ్గర. కొంతకాలం కిందట, అవి కలిపి ఎక్కువ ధరకు అమ్మే ప్రీమియం డీజిల్‌ను నేను తెగ పొగిడాను. పొద్దున స్టార్ట్ చేస్తే టకటక తగ్గిందనీ, నాలుగో గేరులోనే ఫ్లైఓవరు ఎక్కేస్తోందనీ బంధువులందరికీ చెప్పాను. ఆ మెత్తదనం కల్పన కాదు. కాకపోతే అదే నెలలో ఇంజన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరు కూడా కొత్తవి పడ్డాయి. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్క కడితే లాభం లీటరుకు కిలోమీటరు లోపే తేలింది. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించుకున్నా అంత వస్తుంది. ఇప్పుడు ప్రీమియం ఎప్పుడైనా ఒకసారి కొట్టిస్తాను, అదీ దూర ప్రయాణానికి ముందు.

ఇక నా కడుపుమంట సంగతి. ఆగస్టు వానల్లో విశాఖ వెళుతూ, తుని దాటాక హైవే పక్కన ఒక బంకులో ట్యాంకు నింపించాను. అక్కడ ట్యాంకరు లోడు దించి వెళ్ళి ఎంతోసేపు కాలేదు. కొంత దూరం బాగానే వెళ్ళింది. తర్వాత ఐదో గేరులో కుదుపులు మొదలయ్యాయి. యాక్సిలరేటరు ఎంత తొక్కినా బండిని ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంది. డ్యాష్‌బోర్డు మీద డీజిల్ ఫిల్టరు దీపం వెలిగింది. పక్కకు తీసి ఇంజను ఆపేశాను.

ఫోనులో మెకానిక్ చెప్పిన మొదటి మాట, "సార్, మళ్ళీ స్టార్ట్ చేయకండి" అని. మా స్విఫ్ట్‌లో ఉన్నలాంటి కామన్ రైల్ ఇంజనులో, డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లలోకి అది వెయ్యి బార్లకు పైగా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడితో పోతుంది. ఆ పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే కందెన. దాని చోట నీళ్ళు వెళితే లోపలి భాగాలు ఒరుసుకుపోతాయి. ఆయన వచ్చి ఫిల్టరు అడుగున ఉన్న మర విప్పి, ఖాళీ నీళ్ళ సీసాలోకి వదిలాడు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేరాయి: పైన డీజిల్, కింద మడ్డి నీళ్ళు. సీసాలో సగానికి పైగా నీళ్ళే.

ఆ సీసా పట్టుకుని బంకుకు వెళితే మేనేజరు డీజిల్ సాంద్రత రాసిపెట్టే డెన్సిటీ రిజిస్టరు తెరిచాడు. నా ఎదుటే జాడీలోకి డీజిల్ పట్టి, హైడ్రోమీటరు, థర్మామీటరు పెట్టి చూపించాడు. లెక్క సరిపోయింది! సరిపోకేం? డెన్సిటీ పరీక్ష ప్రధానంగా కల్తీని పట్టడానికి. అడుగున పేరుకున్న నీటిని పట్టాలంటే ట్యాంకు కొలిచే డిప్ రాడ్డుకు, నీళ్ళు తగిలితే రంగు మారే వాటర్ పేస్టు పూసి ట్యాంకులోకి దించాలి. అది చేయమంటే పావుగంట వాదన. చివరికి దించారు. పేస్టు రంగు మారింది. పంపు పైపు నోరు ట్యాంకు అడుగుకు కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నీరు మామూలుగా బయటికి రాదు. ట్యాంకరు లోడు దించినప్పుడు అడుగంతా కదులుతుంది. మూత దగ్గర వాన నీరు దిగిందని అప్పుడు ఒప్పుకున్నారు, ఆ నాజిల్ ముందు డ్రమ్ము అడ్డం పెట్టారు. డీజిల్ డబ్బులు తిరిగి ఇచ్చారు. కొత్త ఫిల్టరు, ట్యాంకు కడిగిన ఖర్చు మాత్రం నా నెత్తినే పడ్డాయి. ఇంజెక్టర్లు దక్కాయి, అదే పదివేలు.

ఆ తర్వాత నా అలవాట్లు మారాయి. ట్యాంకరు ఆగి ఉన్న బంకులోకి బండి తిప్పను. వానాకాలంలో బాగా గిరాకీ ఉన్న బంకుకే వెళతాను, అక్కడ సరుకు నిలవ ఉండదు. మా ఊళ్ళో నేను ఇప్పుడు కొట్టించే బంకు యజమాని, అడిగితే విసుక్కోకుండా రాడ్డు దించి చూపిస్తాడు. డెన్సిటీ పరీక్ష అడిగే హక్కు కొనేవాళ్ళందరికీ ఉంది, దానికి డబ్బులు తీసుకోకూడదు. వాటర్ పేస్టు గురించి మాత్రం అడిగేవాళ్ళే కనబడరు.

ఇదంతా ఎక్కువగా హైవే మీద తిరిగే పాత బీఎస్-4 బండి అనుభవం. మా బావగారిది బీఎస్-6 బండి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంది, రోజూ ఊళ్ళోనే తిరుగుతుంది. మసి ఆ ఫిల్టరులో చేరి, ఆ మసి తగలబడటానికి సరిపడా వేడి రాక దీపం వెలుగుతూ ఉంటుంది. ఆయన యాడిటివ్ ఉన్న డీజిల్ తప్ప వాడరు. జియో-బీపీ వాళ్ళు యాడిటివ్ కలిపిన డీజిల్‌ను అదనపు ధర లేకుండా అమ్ముతున్నారు కాబట్టి, అది దగ్గరలో ఉన్నవాళ్ళకు ఆ పట్టుదలకు పెద్ద ఖర్చేమీ లేదు. ఆయన బండిని నా లెక్కతో తూచలేను. వానలు పడుతున్నప్పుడు ట్యాంకరు కనబడితే ఆగవద్దని మాత్రం ఆయనకూ చెప్పాను.