భువనేశ్వర్ ఎయిర్‌పోర్ట్: బరంపురం ప్రయాణికురాలిగా నా అనుభవం

మాది ఒడిశాలోని బరంపురం. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటారు కాబట్టి భువనేశ్వర్‌లోని బిజూ పట్నాయక్ ఎయిర్‌పోర్ట్‌కి కొన్నేళ్లుగా వస్తూ పోతూనే ఉన్నాను. అక్కడ దిగి ఊళ్లోకి వెళ్లడం చాలా తేలిక. టెన్షన్ అంతా అక్కడి నుంచి ఇల్లు చేరడంలోనే.

ఊరికి ఇంత దగ్గరగా ఉండే ఎయిర్‌పోర్ట్ మనకు అరుదు. శంషాబాద్‌లో దిగి సికింద్రాబాద్ వెళ్లాలంటే గంట పైమాటే. ఇక్కడ రైల్వే స్టేషన్ సుమారు 4 కిలోమీటర్లు, అంతే. యాప్‌లో క్యాబ్ సులువుగానే దొరుకుతుంది. 2018లో మో బస్ పేరుతో మొదలైన సిటీ బస్సులు ఇప్పుడు అమ బస్సులయ్యాయి. చేతిసంచి ఒక్కటే ఉంటే వాటిలో హాయిగా వెళ్లొచ్చు, పెద్ద సూట్‌కేసులుంటే మాత్రం క్యాబే నయం. స్టేషన్‌కి అనడం కంటే ఆ స్టేషన్ ముందున్న కూడలి పేరు 'మాస్టర్ క్యాంటీన్' అంటే ఆటోవాళ్లు వెంటనే అర్థం చేసుకుంటారు.

దేశీయ విమానాలకు వాడే టెర్మినల్ 1 2013లో మొదలైంది. శుభ్రంగా ఉంటుంది. అయితే ఉదయం పూట విమానాలన్నీ ఒకేసారి ఉండటంతో సెక్యూరిటీ లైన్ బాగా సాగుతుంది. 2024లో ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర వచ్చాక గేటు దగ్గర ఆలస్యం తగ్గింది కానీ బ్యాగుల తనిఖీ దగ్గర అలాగే నిలబడాలి. నాకు బాగా నచ్చింది వీల్‌చైర్ సాయం. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మని క్యాబ్ ఎక్కేదాకా ఎంతో ఓపికగా తీసుకొచ్చారు. ఆ సాయం కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పాలి.

ఇక అసలు సంగతి. బరంపురానికి రైల్లో 166 కిలోమీటర్లు, రెండున్నర గంటలు వేసుకోవచ్చు. పగలు దిగితే దిగులే లేదు, కోణార్క్ లాంటి రైళ్లుంటాయి, బరముండా బస్టాండ్ నుంచి బస్సులూ ఉంటాయి. రాత్రి బాగా పొద్దుపోయాక దిగితేనే కష్టం. ఒకసారి అలా దిగి టాక్సీ మాట్లాడుకుంటే, దారిలో ఖల్లికోట దాటాక డ్రైవర్ ఇంకా డబ్బులు కావాలని పేచీ పెట్టాడు. ఆ చీకట్లో అమ్మని పక్కన పెట్టుకుని ఏం వాదిస్తాను? ఇచ్చేశాను. అప్పటి నుంచి ముందు రైలు చూసుకుని, దానికి సరిపడేలా విమానం టికెట్ కొంటున్నాను. తప్పనిసరైతే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ ముందుగా బుక్ చేసుకుంటాను.

2024లో వచ్చిన విశాఖ వందేభారత్ భువనేశ్వర్‌లో తెల్లవారుజామునే బయల్దేరుతుంది కాబట్టి విమానం దిగేవాళ్లకు పెద్దగా ఉపయోగం లేదు. కానీ తిరుగు బండి సాయంత్రం బరంపురంలో ఆగుతుంది. మర్నాడు పొద్దున్నే విమానం ఉన్నవాళ్లకు అది చాలా బాగుంటుంది.

ఇచ్ఛాపురం వాళ్లకూ భువనేశ్వరే దగ్గర. పర్లాకిమిడి వైపు వాళ్లయితే విశాఖ ఎయిర్‌పోర్ట్‌కే వెళ్లండి, దూరం బాగా తగ్గుతుంది.