రెండడుగుల ఆర్‌జీబీ ట్యూబ్: పాత గోడౌన్‌లో లైట్ పెయింటింగ్‌కి పనికొస్తదా?

ఆర్‌జీబీ ట్యూబ్ అంటే ఏ రంగు కావాలంటే ఆ రంగులో వెలిగే ఎల్‌ఈడీ కర్ర. బ్రాండ్ పేరు కూడా సరిగ్గా లేని ఆన్‌లైన్ సరుకు, రెండు వేల చిల్లర పడింది. రీల్స్ చేసేవాళ్ళు మొహం మీద లైటింగ్ కోసం కొంటారు గానీ నేను తీసుకుంది లైట్ పెయింటింగ్‌కి (చీకట్లో కెమెరా షట్టర్ చాలాసేపు తెరిచిపెట్టి, లైటు తిప్పుతూ ఫొటో తీయడం), అదీ గుంటూరు అవతల ఎప్పుడో మూతపడ్డ పొగాకు గోడౌన్‌లో (ఓనర్‌ని అడిగే వెళ్ళాం లెండి, గోడలు దూకే బ్యాచ్ కాదు).

కలర్స్ సూపర్. సున్నం పెచ్చులూడిన గోడకి ఎదురుగా నిలబడి లైటేస్తే ఏముండదు, తెల్లగా ఫ్లాట్‌గా వస్తది, అదే ట్యూబుని గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి కింద నుంచి పైకి నిదానంగా లాగితే ప్రతి పెచ్చుకీ నీడ పడి లోపల ఇటుకలు కూడా లేచొచ్చినట్టు కనపడతయ్. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సెన్సిటివిటీ) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8, మనం ఆపేదాకా షట్టర్ తెరిచే ఉండే బల్బ్ మోడ్‌లో ఓ రెండు నిమిషాలు పెట్టి, నల్ల టీషర్టు వేసుకుని ఫ్రేమ్‌లోనే తిరుగుతున్నా మనం ఫొటోలో పడం, లైట్ మన మీద పడకుండా ఒకచోట ఆగకుండా ఉంటే చాలు. వాచ్‌మెన్ బాబాయ్ కాసేపు చూసి "ఏందయ్యా, దెయ్యాలకి హారతిస్తన్నారా" అన్నాడు, స్క్రీన్ మీద ఫొటో చూశాక మాత్రం తనది కూడా తీయమని కుర్చీ తెచ్చుకున్నాడు.

ఇక అసలు గొడవ. బ్రైట్‌నెస్ తగ్గించి ట్యూబుని గాల్లో ఊపితే వెలుగు తెరలా రావాల్సింది చారలు చారలుగా వస్తది. ఈ చవక లైట్లలో తగ్గించడమంటే ఎల్‌ఈడీని సెకనుకి వందలసార్లు ఆపి వెలిగించడమే, కంటికి తెలీదు, ట్యూబు కదుల్తుంటే కెమెరాకి దొరికిపోద్ది. నేనైతే ఫుల్‌లో పెట్టి బటర్ పేపర్ చుట్టి, లెన్స్ రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్ 16కి వెళ్తున్నా, చాలావరకు పోయింది, మిక్స్ కలర్స్‌లో ఇంకా కొంచెం ఉంది. ట్యూబు వెనకాల డిస్‌ప్లే ఒకటి, అది ఆరిపోదు, ఫొటోలో సన్నటి గీత పడ్డది, కరెంటు పనికి వాడే నల్ల టేపు అతికించాల్సిందే.

పేర్లు, బొమ్మలు రాద్దామని మాత్రం దీన్ని కొనకండి, అది చిన్న టార్చ్ పని. 1949లో లైఫ్ మ్యాగజైన్ కోసం ఫొటోగ్రాఫర్ జాన్ మిలి (Gjon Mili) ఫొటో తీస్తుంటే పికాసో గాల్లో బొమ్మలేసింది కూడా బుల్లి లైటుతోనే.

నిప్పురవ్వలు కావాలని స్టీల్ ఊల్ (సన్నటి ఇనప పీచు) అంటించి తిప్పేవాళ్ళకి ఒక దండం, గోడౌన్ నిండా పాత గోనెసంచులు ఉంటయ్, ఆ పని ఊరి బయట ఇసకలో చేసుకోండి.

గోడలు, తలుపులు, స్తంభాలు వెలిగించడానికైతే ఈ రేటుకి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణే, దాంతో వచ్చిన సంచి జిప్పు మొదటి వారమే ఊడింది కాబట్టి మూడున్నర.