ఉంగరం తీసి పట్టీ కట్టుకున్నాను: 22 నెలల అనుభవం

నిద్ర, గుండె వేగం కొలిచే స్మార్ట్ ఉంగరం 14 నెలలు పెట్టుకున్నాను. ఆ తర్వాత 8 నెలలుగా, అవే కొలిచే తెర లేని ఫిట్‌నెస్ పట్టీని చేతికి కట్టుకుంటున్నాను. మధ్యలో ఆరు వారాలు రెండూ కలిపి వాడి, పొద్దున లేవగానే రెండింటి లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూసేదాన్ని. స్మార్ట్‌వాచీ జోలికి పోలేదు. తరగతిలో పాఠం చెబుతుంటే మణికట్టు మీద సందేశాలు వెలగడం నాకు నచ్చదు.

నిద్ర విషయంలో ఉంగరానికి సాటి లేదు. వేలి లోపలి వైపు రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, అక్కడ ఆనుకున్న సెన్సార్లకు నాడి స్పష్టంగా అందుతుంది. బరువు నాలుగు గ్రాములు కూడా ఉండదు కాబట్టి పడుకున్నాక వేలికి ఉన్న సంగతే గుర్తుకురాదు. రాత్రి పదిన్నరకు భోజనం చేసిన రోజుల్లో నా గుండె వేగం అర్ధరాత్రి దాటినా దిగేది కాదు. ఎనిమిదింటికే తింటే తొలి జాములోనే దిగేది. ఫోన్‌లో ఆ గుండె వేగం గీతను రెండు వారాలు చూశాక మా ఇంట్లో భోజనాల వేళే మారిపోయింది.

చిక్కంతా పగటిపూట. చపాతీ పిండి కలపాలంటే తీయాలి. స్టీలు పీచుతో అంట్లు తోమితే గీతలు పడతాయని తీయాలి. ఆవకాయ కలిపే రోజు సంగతి చెప్పనక్కరలేదు. తీసి కిటికీ గట్టు మీద పెట్టడం, మరిచిపోయి కాలేజీకి వెళ్లడం, ఆ రోజు లెక్క గల్లంతు. మే నెల ఎండలకు వేలు ఉబ్బి ఒకసారి ఉంగరం బిగుసుకుపోతే, సబ్బు నీళ్లతో పావుగంట తంటాలు పడ్డాను. అదే ఉంగరం డిసెంబరులో జారిపోయేది. డంబెల్ పట్టుకుని పిడికిలి బిగిస్తే వేలిలో రక్తప్రవాహం తగ్గి, గుండె వేగం లెక్క తప్పిపోయేది. అన్నిటికంటే బాధించింది బ్యాటరీ. మొదట్లో ఆరు రోజులు వచ్చిన ఛార్జింగ్ ఏడాది దాటేసరికి మూడు రోజులకు పడిపోయింది. లోపలి బ్యాటరీ మార్చే వీలే లేదు. అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువుకు ఆయుష్షు ఇంతేనా అనిపించింది.

పట్టీని ఏ పనికీ తీయనక్కరలేదు, నాకు దానిలో నచ్చింది అదే. వేగంగా నడిచినప్పుడు మాత్రం గుండె వేగానికి బదులు అడుగుల లయను లెక్కపెట్టి 160 చూపేది. మోచేతికి పైన, దండచేతికి కట్టుకోవడం మొదలుపెట్టాక ఆ తప్పు దాదాపు పోయింది. పడుకుని పుస్తకం చదివే అరగంటను ఇప్పటికీ నిద్ర కిందే రాసేస్తుంది. గుడ్డ పట్టీ తడిస్తే త్వరగా ఆరదు, దురద పెడుతుంది. అందుకే రెండు గుడ్డ పట్టీలు మార్చి మార్చి వాడుతున్నాను.

ధర చూసేటప్పుడు చందా కూడా కలిపి మూడేళ్లకు లెక్క వేయండి. వూప్ పట్టీ చందా మీదే నడుస్తుంది. ఔరా ఉంగరం కొన్నాక కూడా పూర్తి వివరాలకు నెలనెలా కట్టాలి. బెంగళూరు సంస్థ అల్ట్రాహ్యూమన్ ఉంగరానికి, అమేజ్‌ఫిట్ హీలియో పట్టీకి ముఖ్యమైన కొలతలన్నీ చందా లేకుండానే వస్తాయి.

చేతిపని తక్కువగా ఉండి, నిద్ర గురించే దిగులు పడే మా చెల్లెలికి మాత్రం ఉంగరమే కొనమన్నాను. అయితే కొలత కోసం పంపే నమూనా ఉంగరాన్ని ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా పెట్టుకుని చూశాకే సైజు చెప్పమన్నాను. పొద్దున వదులుగా ఉన్నది సాయంత్రానికి బిగుసుకుంటుంది.