ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాల డేటా: వలసను చెలకతో కలిపి చదవాలంటే

వలస మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందుగా తెరిచేది సెన్సస్. పంట కోతలయ్యాక ఇంటికి తాళమేసి పోయి, వానలకు తిరిగొచ్చే పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) కూలీ ఆ పట్టికల్లో సరిగా దొరకడు. జాతీయ నమూనా సర్వే 64వ విడత (2007-08) స్వల్పకాల వలసను విడిగా అడిగింది. అయితే నెలకు తగ్గకుండా, ఆరు నెలల లోపు బయట ఉన్నవాళ్లనే ఆ లెక్కలో వేసింది. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎనిమిది నెలలు పోయే మనిషి ఆ గీత దాటిపోతాడు. అతని చెలక (వానాధారపు మెట్ట భూమి) ఏమైందో ఈ రెండూ చెప్పవు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాల డేటా చెబుతుంది. 1975లో ఆరు ఊళ్లతో మొదలైంది: పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, డోకూర్, షోలాపూర్ వైపు షిరాపూర్, కల్మన్, అకోలా వైపు కంజారా, కిన్‌ఖేడా. ఊరికి 40 ఇళ్ల చొప్పున ఎంచుకున్నారు. అందులో 10 భూమిలేని కూలీలవి, మిగతా 30 చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి చొప్పున. ఊళ్లోనే మకాం ఉన్న పరిశోధకుడు మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి రాసుకున్నాడు. జ్ఞాపకం చెదరకముందే నమోదైన లెక్క కాబట్టే దీనికింత విలువ. 1989లో ఆర్థికవేత్తలు రోజెన్‌జ్వైగ్, స్టార్క్ ఆడపిల్లను దూరపు ఊరికి ఇవ్వడం కరువు కాలంలో కుటుంబానికి ఆసరా అవుతుందని చూపింది ఈ డేటాతోనే. ధర ఏమీ లేదు, ఉచితం.

2009-14 విడతలో ఒక ఇంటి లెక్క ఎలా చదవాలో చూద్దాం. ముందు ఆస్తుల షెడ్యూల్ (ప్రశ్నల పట్టిక)లో ఆ ఇంటి ప్లాట్లు, వాటి నేల, నీటి వసతి రాసుకోండి. తర్వాత సాగు షెడ్యూల్‌లో అదే ప్లాటు ఆ ఏడాది సొంతంగా వేశారా, కౌలుకో పాలుకో (పంటలో వాటాకు) ఇచ్చారా, బీడు పెట్టారా చూడండి. చివరగా ఉపాధి షెడ్యూల్‌లో ఎవరు, ఏ నెలలో, ఎన్ని రోజులు ఊళ్లో పనిచేశారో చూసి ఇంటి నంబరుతో కలపండి. చెరువు కింది మడి పాలుకు పోయిందా, చెలక బీడు పడిందా అన్నది అప్పుడు బయటపడుతుంది. వలసను ఒక్క ఉపాధి షెడ్యూల్‌తో తేల్చేస్తే సగం కథ పోయినట్టే.

ఎక్కువ మంది తప్పులు చేసేది అంతర పంటల దగ్గర. ఆముదంలో కంది వేసిన ఒకే ప్లాటు రెండు వరుసల్లో కనిపిస్తుంది. విస్తీర్ణం గుడ్డిగా కూడితే రెండెకరాలు నాలుగవుతాయి. పంట సంవత్సరం జూలై నుంచి జూన్ దాకా. క్యాలెండర్ ఏడాది తీసుకుంటే ఒకే వలస రెండు ముక్కలవుతుంది. ‘చిన్న రైతు’ హద్దు కూడా ఊరూరికీ వేరు, అవురుపల్లి కొలత షిరాపూర్‌కు పనికిరాదు. ఊరొదిలి పూర్తిగా వెళ్లిపోయిన ఇంటి స్థానంలో వేరే ఇంటిని చేర్చారు. కాబట్టి శాశ్వత వలస ఇందులో తక్కువగానే కనిపిస్తుంది. ఇది పెద్ద లోటే, దాచకుండా మీ వ్యాసంలో రాయాలి. 1985 నుంచి 2001 దాకా నిరంతర నమోదు లేదు. పాలమూరు రూపం మారిన కాలంలో ఆ ఖాళీ బాధ కలిగిస్తుంది.

40 ఇళ్లతో జిల్లా శాతాలు చెప్పకండి. దానికి ఇక్రిశాట్ జిల్లా స్థాయి డేటా వేరే ఉంది. 1966 నాటి హద్దులకు కొత్త జిల్లాలను తిరిగి కలిపిన రూపం అందులో దొరుకుతుంది. 2016 తర్వాత ముక్కలైన పాలమూరుకు అదే తీసుకోవాలి. భూవినియోగంలో ఒక్క ‘ప్రస్తుత బీడు’ చూసి ఆగిపోవద్దు. ఏడాది దాటితే అదే చెలక ‘ఇతర బీడు’లోకి, అయిదేళ్లు దాటితే ‘సాగుయోగ్యమైన బంజరు’లోకి జరుగుతుంది. మూడు గడులూ పక్కపక్కన పెట్టి పదేళ్లు చదవండి.