విశాఖలో బిట్‌కాయిన్ మైనింగ్: ముందస్తు ఆర్డరా, చేతికందే పాత యంత్రమా, నేరుగా కాయినా?

బిట్‌కాయిన్ మీద మూడు నాలుగు లక్షల రూపాయలు పెట్టదలచినవారికి విశాఖపట్నంలో ప్రధానంగా మూడు దారులు కనిపిస్తున్నాయి. విదేశీ తయారీదారుకో, మధ్యవర్తికో ముందుగా డబ్బు కట్టి కొత్త మైనింగ్ యంత్రాన్ని, అంటే లావాదేవీలను లెక్కలతో ధ్రువీకరిస్తూ కొత్త కాయిన్లు సంపాదించే ప్రత్యేక కంప్యూటరును, తెప్పించుకోవడం మొదటిది. ఎవరో కొంతకాలం వాడిన యంత్రాన్ని కళ్లెదుట నడిపించి చూసి కొనుక్కోవడం రెండోది. యంత్రం జోలికి పోకుండా అదే డబ్బుతో నేరుగా కాయిన్ కొనడం మూడోది. ఈ మూడింటిలో ఏది మేలని అడిగేవారిలో ఇంజినీరింగ్ విద్యార్థులతో పాటు పదవీ విరమణ సొమ్ము చేతికొచ్చిన పెద్దలు కూడా ఉన్నారు కాబట్టి, నా అభిప్రాయాన్ని మొదటే చెప్పి కారణాలు తరువాత వివరిస్తాను. ఇంటి కరెంటుతో నడపాలనుకునేవారికి మొదటి రెండు దారులూ నష్టమే. మూడోది కూడా, పోయినా కుటుంబానికి ఇబ్బంది కలగని సొమ్ముతో మాత్రమే చేయదగినది.

ముందస్తు ఆర్డర్ల విషయంలో చాలామంది పట్టించుకోనిది కాలం విలువ. ఫ్రిజ్ రెండు నెలలు ఆలస్యంగా వచ్చినా అదే ఫ్రిజ్, అంతే చల్లదనం. మైనింగ్ యంత్రం సంగతి అలా ఉండదు. బిట్‌కాయిన్ వ్యవస్థ ప్రతి 2,016 బ్లాకులకు (లావాదేవీల కట్టలకు) ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, తన డిఫికల్టీని, అంటే కొత్త బ్లాకు కనుగొనడం ఎంత కష్టమో చెప్పే కొలతను, సరిచేసుకుంటుంది. ప్రపంచంలో యంత్రాలు పెరిగినకొద్దీ ఒక్కో యంత్రానికి దక్కే వాటా తగ్గుతుంది. మన యంత్రం ఓడలోనో కస్టమ్స్ గిడ్డంగిలోనో కదలకుండా ఉన్న ప్రతి పక్షంలోనూ ఇతరుల యంత్రాలు పని మొదలుపెడుతూనే ఉంటాయి. అందుచేత ఆలస్యంగా అందిన యంత్రం, ఆర్డరు పెట్టిన రోజున మనం లెక్కవేసుకున్న యంత్రంతో సమానం కానే కాదు.

దీనికి 2013 సంవత్సరాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ ఏడాది జనవరిలో 30 లక్షల ప్రాంతంలో ఉన్న డిఫికల్టీ, 2014 జనవరి మొదటి వారానికి 100 కోట్లు దాటింది. అంటే ఒకే యంత్రం రాబడి, కాయిన్లలో లెక్కిస్తే, ఏడాదిలో మూడు వందలవ వంతు కంటే కిందికి పడిపోయింది. అమెరికాలోని కాన్సస్‌కు చెందిన బటర్‌ఫ్లై ల్యాబ్స్ 2012 జూన్ నుంచి ముందస్తుగా డబ్బు తీసుకుందని, 2013 సెప్టెంబరు నాటికి 20 వేల మందికి పైగా కొనుగోలుదారులకు యంత్రాలు అందించలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకు చెప్పింది. చివరకు యంత్రం అందినవారిలో కూడా చాలామందికి దాని ఖరీదు తిరిగిరాలేదు. అదే కాలంలో కాయిన్ ధర జనవరిలో సుమారు 13 డాలర్ల నుంచి నవంబరు ఆఖరుకు 1,000 డాలర్లు దాటింది. కాయిన్లతోనే యంత్రానికి డబ్బు కట్టినవారు, ఏమీ చేయకుండా ఆ కాయిన్లను దాచుకున్నా ఎంతో లాభపడేవారు.

ఇప్పటి పెద్ద తయారీదారులు అప్పటికంటే క్రమశిక్షణతో సరుకు పంపుతున్నారన్నది నిజమే. అయినా మూల సమస్య పోలేదు. 2024 ఏప్రిల్ 20న ఒక్కో బ్లాకు కనుగొన్నందుకు దక్కే బహుమతి 6.25 కాయిన్ల నుంచి 3.125కు తగ్గింది. ఆ జనవరిలో డబ్బు కట్టి మే నెలలో యంత్రం అందుకున్నవారికి మొదటి రోజు నుంచే సగం రాబడి. తరువాతి కోత 2028లో రావలసి ఉంది. దీనికితోడు దిగుమతిపై 18 శాతం ఐజీఎస్టీ, రవాణా ఖర్చు, పత్రాల్లో ఏదైనా లోపముంటే కస్టమ్స్ వద్ద నిరీక్షణ ఉంటాయి. వారంటీ కింద బోర్డును వెనక్కి పంపవలసి వస్తే అదే దారిలో మరో నిరీక్షణ.

యంత్రం రేపే ఇంటికి చేరుతుందనుకున్నా విశాఖ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఆంట్‌మైనర్ ఎస్21 అనే మైనింగ్ యంత్రం సామర్థ్యం సెకనుకు 200 టెరాహ్యాష్ (ఒక టెరాహ్యాష్ అంటే లక్ష కోట్ల లెక్కలు), దానికి కావలసిన విద్యుత్తు 3,500 వాట్లు. రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు. విశాఖకు కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ పరిధిలో 400 యూనిట్లు దాటిన గృహ వినియోగానికి యూనిట్ ధర 9.75 రూపాయలు. కింది శ్లాబులను ఇంటి వాడకమే ఆక్రమిస్తుంది కాబట్టి యంత్రం కాల్చేదాన్ని పై శ్లాబులోనే లెక్కించాలి. ఇతర చార్జీలు వదిలేసినా నెలకు 24,570 రూపాయలు. రాబడి వైపు చూస్తే, నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 2025లో 1,000 ఎక్సాహ్యాష్‌ల (ఒక్కోటి పది లక్షల టెరాహ్యాష్‌లు) స్థాయిని తాకింది. రోజుకు సుమారు 450 కొత్త కాయిన్లు పుడతాయి. అందులో ఈ యంత్రం వాటా నెలకు దాదాపు 0.0027 కాయిన్. కాయిన్ ధర కోటి రూపాయలనుకుంటే 27,000 రూపాయలు. మిగులు 2,430 మాత్రమే, అది కూడా పన్నుకు ముందు.

పన్ను దగ్గరకు వచ్చేసరికి ఆ మిగులు కూడా పోతుంది. 2022 బడ్జెట్‌తో వచ్చిన నిబంధన ప్రకారం వర్చువల్ డిజిటల్ ఆస్తుల (బిట్‌కాయిన్ వంటి వాటి) అమ్మకంపై 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు పడతాయి. కొనుగోలు ఖరీదు తప్ప మరే ఖర్చునూ మినహాయించుకోవడానికి వీల్లేదు. మైనింగ్‌కు పెట్టిన యంత్రసామగ్రి వ్యయాన్ని కొనుగోలు ఖరీదుగా పరిగణించబోమని కేంద్ర ఆర్థిక శాఖ 2022 మార్చిలో లోక్‌సభలో స్పష్టం చేసింది. అంటే మైనింగ్ చేసినవారు కరెంటు బిల్లును, యంత్రం ఖరీదును పక్కన పెట్టి, మొత్తం 27,000 మీద పన్ను లెక్క చూసుకోవలసి వస్తుంది. అది 8,424 రూపాయలు. నెలకు ఆరు వేల రూపాయల దాకా చేతి నుంచి పోతాయి. యంత్రం కొన్న లక్షలు ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు.

మన ఊరి వాతావరణం ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది. 3,500 వాట్ల యంత్రం అంతే వేడిని వదులుతుంది. ఒక టన్ను ఏసీ పూర్తి శక్తితో తీసేయగలిగే వేడి దాదాపు అంతే. బయటి గాలిని లోపలికి పంపి చల్లబరుద్దామంటే, బీచ్ రోడ్డు నుంచి ఎంవీపీ కాలనీ వరకు ఆ గాలిలో తేమ, ఉప్పు కలిసే ఉంటాయి. ఇనుప గ్రిల్లుకు త్వరగా తుప్పు పట్టించే గాలి, బోర్డు మీది సన్నని సోల్డర్ అతుకులను కూడా వదలదు. ఫ్యాన్ల మోత 75 డెసిబెల్స్ వరకు ఉంటుంది. అపార్టుమెంటులో పక్కింటివారు రాత్రంతా ఆ మోతను భరించాలని కోరడం న్యాయం కాదు. కనెక్షన్ లోడు పెంచుకోవాలి, విడిగా వైరింగు వేయించుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటిన తరువాత ఈ నగరంలో కరెంటు తిరిగి రావడానికి కొన్ని ప్రాంతాల్లో ఎన్ని రోజులు పట్టిందో చూసినవారికి, ఇరవై నాలుగు గంటలూ నడిస్తేనే గిట్టుబాటయ్యే వ్యాపారంలోని ప్రమాదాన్ని వేరే చెప్పనక్కరలేదు.

మేడమీద సోలార్ పలకలు పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. 84 యూనిట్లకు 21 కిలోవాట్లు కావాలి. మామూలు ఇంటి మేడ అందుకు చాలదు. గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో కృత్రిమ మేధ కేంద్రాన్ని ప్రకటించింది కదా, మైనింగ్‌కు కూడా ఇది అనువైన చోటే అన్న వాదన ఇటీవల వినిపిస్తోంది. అంతటి సంస్థకు దక్కే విద్యుత్ ఒప్పందాలు వేరు, సీతమ్మధారలోని ఇంటి మీటరు వేరు. ఆ ప్రకటనను చూపి ఎవరైనా మైనింగ్ యంత్రం అమ్మజూపితే నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాత యంత్రం విషయానికి వస్తే, దానికున్న ఒకే ఒక్క మేలు నిరీక్షణ లేకపోవడం. ఆ మేలు చిన్నది కాదు. పది నిమిషాలు నడిపించి, మూడు హ్యాష్‌బోర్డులూ (లెక్కలు చేసే చిప్పులున్న పలకలు) కనిపిస్తున్నాయో లేదో, ఉష్ణోగ్రతలు ఎంతున్నాయో అక్కడే చూసుకోవచ్చు. కానీ ఆంట్‌మైనర్ ఎస్19 ప్రో 110 టెరాహ్యాష్‌లకు 3,250 వాట్లు తీసుకుంటుంది. పై లెక్కనే దీనికి వర్తింపజేస్తే నెలకు 22,815 రూపాయల కరెంటుకు 14,850 రూపాయల కాయిన్ వస్తుంది. ఉచితంగా ఇచ్చినా నడిపినకొద్దీ నష్టమే, అందుకే అది చౌకగా దొరుకుతోంది. గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే మరో కాయిన్‌ను తవ్వే కాలం 2022 సెప్టెంబరు 15తో ముగిసింది. క్లౌడ్ మైనింగ్ పేరుతో యంత్రం చూపకుండా డబ్బు అడిగేవారిని పరిశీలనలోకే తీసుకోను.

ఇక నేరుగా కాయిన్ కొనడం. ధర పడిపోతే కాయిన్ కొన్నవారు నష్టపోతారు గానీ యంత్రం ఉన్నవారికి ఏదో ఒకటి మిగులుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. వాస్తవానికి యంత్రాల ధర కూడా కాయిన్ ధర వెంటే నడుస్తుంది. 2021 నవంబరులో 69,000 డాలర్ల దాకా వెళ్లిన కాయిన్ మరుసటి నవంబరుకు 16,000 ప్రాంతానికి దిగినప్పుడు యంత్రాల ధరలు కూడా కూలిపోయాయి. రెండింటిలోనూ ధర ప్రమాదం ఒక్కటే. యంత్రానికి అదనంగా ఆలస్యం, కరెంటు, మరమ్మతు ఉన్నాయి. కాయిన్ కొన్నవారికి కొనుగోలు ఖరీదు మినహాయింపు ఉంది, మైనింగ్ చేసినవారికి అది కూడా లేదు. అందుకే ఈ మూడింటిలో నా ఓటు దీనికే.

అయితే కొని ఉంచుకోవడం వేరు, రోజూ కొంటూ అమ్ముతూ ఉండటం వేరు. మన పన్ను చట్టం రెండోదాన్ని కఠినంగా శిక్షిస్తుంది. ఒక కాయిన్‌లో లక్ష లాభం, అదే ఏడాది మరో కాయిన్‌లో లక్ష నష్టం వస్తే, చేతికి మిగిలింది సున్నా అయినా 31,200 రూపాయల పన్ను కట్టాలి. నష్టాన్ని సర్దుబాటు చేసుకోవడం గానీ వచ్చే ఏడాదికి తీసుకుపోవడం గానీ కుదరదు. 2022 జూలై 1 నుంచి పరిమితి దాటిన అమ్మకాలపై ఒక శాతం టీడీఎస్ (అమ్మినప్పుడే ముందుగా కోసే పన్ను) కూడా ఉంది. లక్ష రూపాయలను ఇరవైసార్లు తిప్పితే, లాభనష్టాలు లేకున్నా, 18 వేలకు పైగా రిటర్నులు వేసేదాకా చిక్కుకుపోతాయి. ఎక్స్ఛేంజి (కాయిన్లు కొని అమ్మే వేదిక) రుసుము, దానిమీద జీఎస్టీ వేరే. ట్రేడింగ్‌తో నెలసరి ఆదాయం వస్తుందని చెప్పేవారిని ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమని అడగాలి.

ఎక్స్ఛేంజిలో కొన్న కాయిన్‌ను అక్కడే వదిలేస్తే, అది కూడా ఇంకా చేతికందని ఆర్డరు లాంటిదే. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు దోపిడీకి గురైన తరువాత, వాటితో ఏ సంబంధం లేని సామాన్య ఖాతాదారులు కూడా ఏడాదికి పైగా తమ సొమ్ము కోసం ఎదురుచూశారు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్ఐయూ వద్ద నమోదైన ఎక్స్ఛేంజిలోనే కొనాలి. కొద్ది మొత్తాన్ని మొదట సొంత వాలెట్‌కు (కాయిన్లను మన అధీనంలోనే ఉంచే యాప్‌కో పరికరానికో) పంపి చూసుకోవాలి. కాయిన్లను బయటకు పంపనివ్వని వేదికలో ధర ఎంత తక్కువ కనిపించినా కొనకూడదు. వాలెట్‌ను తిరిగి తెరిచే పదాలను కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచాలి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోకూడదు.

మైనింగ్ ఎలా జరుగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలంతో అడిగే విద్యార్థులకు మరో దారి ఉంది. బిట్‌యాక్స్ అనే చిన్న పరికరం తయారీ నమూనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అందులోని ఒక రకం 15 నుంచి 20 వాట్లతో సుమారు 1.2 టెరాహ్యాష్‌లు ఇస్తుంది. నెలకు పదిహేను యూనిట్లు కూడా దాటదు, బల్లమీద పెట్టుకుని చదువుకోవచ్చు. ఇప్పటి నెట్‌వర్క్‌లో అది ఒంటరిగా ఒక బ్లాకు కనుగొనడానికి సగటున 15 వేల ఏళ్లకు పైగా పడుతుంది కాబట్టి దాన్నుంచి రాబడి ఆశించకూడదు. చిప్పు పని తీరు, పూల్‌తో (కలిసి మైనింగ్ చేసేవారి బృందంతో) అది మాట్లాడే పద్ధతి, డిఫికల్టీ మారినప్పుడు కలిగే ప్రభావం మాత్రం అందులో కళ్లారా కనిపిస్తాయి.