వెనక్కి తిరిగి ఉండే పిల్లల కారు సీటు: 14 నెలలు వాడాక

ఈ సీటు కొన్నప్పుడు పాపకి నాలుగు నెలలు, ఇప్పుడు ఏడాదిన్నర. ఇప్పటికీ వెనక్కి తిరిగే కూర్చుంటోంది. "కాళ్ళు ముడుచుకుపోతున్నాయి పాపం, ఇటు తిప్పొచ్చు కదమ్మా" అని మా అత్తయ్య కారెక్కిన ప్రతిసారీ అంటారు. పాప మాత్రం ఎదురుగా ఉన్న కారు సీటు మీద పాదాలు ఆనించి, ఒక సాక్సు పీకి కింద పడేసి, హాయిగా ఉంటుంది. నా భయమంతా మెడ గురించే.

పుట్టిన బిడ్డ బరువులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. మెడ ఎముకలు గట్టిపడటానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. ముందుకి తిరిగి కూర్చున్న పసిబిడ్డని ఎదురు గుద్దుడులో బెల్టులు భుజాల దగ్గర ఆపేస్తాయి, తల ఆగదు, విసురుగా ముందుకి పోతుంది, ఆ లాగుడంతా మెడ భరించాలి. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకే ఒత్తుకుంటాయి. 1960ల్లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్‌కి ఈ ఆలోచన వచ్చింది వ్యోమగాముల సీట్లు చూసేనట. ఆ దేశంలో ఇప్పటికీ నాలుగేళ్ళ దాకా పిల్లల్ని ఇలాగే కూర్చోబెట్టమంటారు.

పాపకి 15 నెలలు నిండగానే మా ఆయన "ఇక తిప్పేద్దాం" అన్నారు. పిల్లల కారు సీట్ల భద్రతకి ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్129 ప్రమాణంలో ఉన్న 15 నెలల లెక్క చూసి అన్న మాట అది. అంతకు ముందు తిప్పడానికి వీల్లేదని దానర్థం, ఆ రోజే తిప్పేయమని కాదుగా! అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా మొదట రెండేళ్ళ దాకా అని చెప్పి, 2018లో ఆ వయసు లెక్క తీసేసి, సీటు ఒప్పుకునే ఎత్తు, బరువు దాటేదాకా వెనక్కే ఉంచమంది.

ఇక సీటు సంగతి. కుట్టు, స్పాంజి, బెల్టులు అన్నీ బాగున్నాయి. బిగించడంలోనే నాకు చుక్కలు కనిపించాయి. షాపు కుర్రాడు ఐసోఫిక్స్ కొక్కేలు (సీటుని కారులోని ఇనుప కడ్డీలకి తగిలించేవి) టక్కుమనిపించి "అయిపోయింది మేడం" అన్నాడు, నేనూ నమ్మేశాను. ఇంటికొచ్చి చూస్తే కింద ఆధారంగా ఉండే కాలు నేలకి తగలనే లేదు, రెండు వేళ్ళ ఎత్తున గాల్లో వేలాడుతోంది, సరిగ్గా ఆనలేదని చెప్పే ఎర్ర గుర్తు దాని మీద అలాగే ఉంది. అన్నాళ్ళూ... అంటే ఒక్క ప్రయాణమే లెండి, అయినా గుండె జారింది. పుస్తకం ముందు పెట్టుకుని నేనే మళ్ళీ మొదటినుంచీ బిగించాను. కొన్ని కార్లలో పాదాల కింద నేలలో సామాన్ల అర ఉంటుంది, దాని మూత మీద ఈ కాలు ఆనించొచ్చో లేదో కారు పుస్తకంలో చూసుకోండి.

బెల్టులు రోజూ చూడాల్సినవే. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు అవి భుజాల మట్టానికి గానీ కొంచెం కిందికి గానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో నిలువుగా గిల్లితే మడత దొరక్కూడదు. లావు స్వెట్టర్ మీద బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, విప్పేసి చూస్తే ఎంత వదులో తెలుస్తుంది.

నచ్చనివి లేకపోలేదు. చోటు బాగా తినేస్తుంది, ముందు సీటు జరిపితే గానీ పట్టదు, మా ఆయన మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి తగులుతుంటాయి. అలాగని దీన్ని ముందు సీటుకి మార్చే ఆలోచన చేయకండి, ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉంటే అది విచ్చుకునేది సరిగ్గా పాప తల వెనక ఉన్న సీటు వీపు మీదికే. పాప మొహం కనపడదని మొదట్లో అద్దం తగిలించాను, రోడ్డు వదిలేసి దాన్నే చూస్తున్నానని తీసేశాను.

వెనక్కి తిప్పి 105 సెంటీమీటర్ల ఎత్తు దాకా వాడొచ్చని సీటు మీదే రాసి ఉంది, పాప ఇప్పుడు 80. కవరు మాత్రం విప్పి, ఉతికి, మళ్ళీ తొడిగేసరికి సగం రోజు పోతుంది. రెండో కవరు విడిగా దొరుకుతుందేమో కొనేటప్పుడే అడగండి.